ఆకాశమున పిల్లిమొగ్గలు

ఖైరతాబాదులో కాపురముండు మాబోటి గృహిణులకు విమానము వింతవస్తువు కాదు. మా మేడపై నిలిచి ఉత్తరముగా చూచినచో, పంజగుట్ట, అమీరుపేటల కట్టడముల కావల బేగంపేట విమానాశ్రయపు టాకాశము కానవచ్చును. 2008వ సంవత్సరము మార్చినెల వఱకును నగరమునకు వచ్చిపోవు పెద్దవిమానములన్నియు అచ్చటనే దిగుచుండెడివి. మా అత్తగారు మేడపై వడియములు పెట్టుచు, తలయెత్తకయే, ఇది బొంబాయిది, అది ఢిల్లీది యని వేళనుబట్టి చెప్పుచుండెడివారట. ప్రయాణికుల విమానములు శంషాబాదునకు తరలిపోయిన పిమ్మట మా యాకాశమునకు కొంత విశ్రాంతి కలిగినది. అయినను రెండేండ్లకొకమారు బేగంపేటలో విమానప్రదర్శనము జరుగును. ఆ దినములలో మా వీధిలో ఏ యింటను వేళకు వంట కాదు. పిల్లలును పెద్దలును మేడలెక్కి, రంగుపొగలు చిమ్ముచు తలక్రిందులగు విమానములను చూచుచు, మెడలు పట్టువఱకు దిగిరారు.

అట్టి దినమున మేడపై మా ఆడబడుచు కూతురు మా చెవిలో ఒకమాట చెప్పినది: "అత్తయ్యా, నేనూ అట్లా తిరగడం నేర్చుకుంటాను."

ఇది గాలికి పోయిన మాట కాదు. ఆ పిల్లకు పందొమ్మిదేండ్లు. గణితము, భౌతికశాస్త్రములతో ఇంటరు ముగించి, చిన్నవిమానము నడుపుట నేర్చుకొనుచున్నది. అప్పటికే గురువు ప్రక్కన లేకుండ ఒంటరిగా విమానమును లేపి, దింపి, ఇల్లు చేరినది. ఆనాడు ఊరంతయు పంచదార పంచిన మా అత్తగారే, ఈ క్రొత్తకోరిక విని కూర్చున్నచోటనే కూర్చుండిపోయిరి. "నేరుగా పోవడం వచ్చింది గదే, తలక్రిందులుగా పోవడం ఎందుకు?" అని వారడిగిరి. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పలేక మేము కొన్నాళ్ళు తిరిగితిమి. పాఠకసోదరీమణుల యిండ్లలోను ఇట్టి కోరికగల పిల్లలుండవచ్చును గనుక, మేము వెదకి తెలిసికొన్నంత వఱకు ఇచ్చట వ్రాయుచున్నాము.

మా అత్తగారి భయము ఊరక పుట్టినది కాదు. 2010 మార్చి 3వ తేదీన ఇదే బేగంపేట ప్రదర్శనమున నౌకాదళమువారి 'సాగర్ పవన్' బృందములోని యొక విమానము బోయినపల్లిలో ఇండ్లనడుమ కూలి, అందలి వైమానికులిరువురును మృతులైరి. మేము అప్పటికి క్రొత్తగా కాపురమునకు వచ్చియుంటిమి. దూరమున నల్లనిపొగ లేచుట చూచి, అదియు ప్రదర్శనములోనిదే యనుకొని ప్రక్కమేడపై పిల్లలు చప్పట్లు కొట్టిరి. ఆ చప్పట్లు మాకిప్పటికిని చెవులలో నున్నవి. నేర్పరులైన సైనికవైమానికులకే అట్లయినచో, నిన్నమొన్నటి పిల్లకు ఏమగునో యని పెద్దలు వెఱచుట తప్పెట్లగును?

ఆ రాత్రి మా అత్తగారు భారతమునుండి సాక్ష్యము తెచ్చిరి. కర్ణపర్వమున శల్యుడు కర్ణునికి చెప్పిన హంసకాకముల కథ చదువరులెఱుగనిది కాదు. ఎంగిలిమెతుకులతో బలిసిన కాకి తనకు నూటయొక్క విధముల గతులు తెలియునని హంసలయెదుట ప్రగల్భములాడి, పల్టీలుకొట్టి, పందెము కాచినది. హంస తనకు ఒక్కటే గతి తెలియునన్నది. సముద్రముపైకి పోవునప్పటికి కాకి రెక్కలు తడబడి నీటబడినది. "మీ పిల్ల నేర్చుకుంటానన్న విద్య ఆ కాకిదే" యని వారి తీర్పు.

మేము ఆ కథను మఱల తీసి చదివితిమి. కాకి చెడినది గతులు పెక్కు తెలిసినందున కాదని మాకు తోచినది. ఎంతదూరము పోగలదో, అలసినప్పుడు ఎచ్చట దిగవలెనో, నీటికి తాకునప్పుడు రెక్క ఎట్లు సవరించుకొనవలెనో తెలియనందున చెడినది. అది చూచువారికొఱకు ఎగిరినది. హంస తన దేహమునెఱిగి ఎగిరినది. ఇక, చిన్నవిమానములలో ఆరంభకులకు చెప్పు విన్యాసవిద్య ఈ రెండింటిలో దేనికి చేరునని విచారింపవలసియున్నది.

మావారు పాఠశాలలో లెక్కలు, ప్రకృతిశాస్త్రము చెప్పుదురు. వారు పెరటిలోనికి పోయి, చెంబునకు త్రాడు కట్టి, నీళ్ళు పోసి, నిలువుచుట్టుగా గిరగిర త్రిప్పిరి. చెంబు తలక్రిందులైనను చుక్క రాలలేదు. విమానము ఆకాశమున నిలువుగా చుట్టుతిరుగుటయు ఇట్టిదే. దీనిని లూపు అందురు. చుట్టు పైభాగమున విమానము తలక్రిందులైనను, లోనివారు సరిగా చేసినచో పడిపోవక, ఆసనమునకు తేలికగా అంటియే యుందురు. రెండవమారు త్రిప్పునప్పుడు మావారి చేయి పైభాగమున నెమ్మదించెను. నీళ్ళన్నియు వారి నెత్తిపైననే పడినవి. మా అత్తగారికి శాస్త్రము అంతటితో బోధపడినది.

వేగము చాలనిచో ఏమగును? ఇదియే ఈ విద్యకు మూలమైన ప్రశ్న. విమానమును గాలిలో నిలుపునది రెక్క. రెక్క గాలికెదురుగా కొంచెము ముక్కెత్తినకొలది ఎత్తుబలము పెరుగును. ఆ వాలు సుమారు పదునైదు పదునాఱు డిగ్రీలు దాటినచో, రెక్కపై ప్రవహించు గాలి రెక్కనంటుకొని పోక చెదరిపోవును, ఎత్తుబలము తఱిగిపోవును. దీనిని స్టాల్ అందురు. ఇంజను ఆగిపోవుట యని చాలమంది యనుకొందురు. మేమును అట్లే యనుకొంటిమి. కాదు. ఇంజను చక్కగా మ్రోగుచుండగనే రెక్క పనిమానును. రెండు రెక్కలును ఒకే తీరున పనిమానక, ఒకటి ఎక్కువగా చెదరినచో, విమానము కవ్వమువలె తిరుగుచు క్రిందికి దిగును. ఇది స్పిన్.

స్పిన్‌లో నున్నవారికి భూమి ఎదుట చక్రమువలె తిరుగును. ముక్కు నేలవైపున్నది గనుక, చేతిలోని నడుపుకఱ్ఱను వెనుకకు లాగుమని ప్రాణము గోలపెట్టును. లాగినచో రెక్క ఇంకను చెదరియే యుండును. విమానము తిరుగుట మానదు. చేయవలసినది వేఱు. ఇంజను వేగము పూర్తిగా తగ్గింపవలెను. కఱ్ఱను ప్రక్కలకు వంచక నడిమి నుంచవలెను. ఏ దిశకు తిరుగుచున్నదో దానికెదుటి పాదముతో చుక్కానిపలకను తుదివఱకు త్రొక్కవలెను. పిదప కఱ్ఱను ముందుకు, అనగా నేలవైపునకే, త్రోయవలెను. తిరుగుట ఆగినంతనే పాదము సడలించి, మెల్లగా ముక్కెత్తుకొనవలెను. 1912 ఆగస్టులో ఇంగ్లండున విల్‌ఫ్రెడ్ పార్క్ అను నౌకాదళాధికారి చూచువారియెదుట స్పిన్‌లో పడి, చివరిక్షణమున ఎదుటి పాదము త్రొక్కి బయటపడెను. అంతకుముందు అట్లు పడినవారిలో బ్రదికి చెప్పినవారు మిక్కిలి అరుదు. ఇప్పుడు ఈ మాట పుస్తకములలో నున్నది. కాని పుస్తకమున చదివిన చేయి ఆ క్షణమున పనిచేయదు. వేలాది అడుగుల ఎత్తున, గురువు ప్రక్కనుండగా, పదిమార్లు పడి పదిమార్లు లేచిన చేయి పనిచేయును. దిగుటకు ముందు చివరిమలుపున, నేలకు దగ్గఱగా నున్నప్పుడు, ఏమఱుపాటున స్టాల్ వచ్చి ప్రాణములు పోయినవారు ఏ దేశముననైనను కలరు. అచ్చట నేర్చుకొనుటకు వ్యవధి లేదు, తెలిసియుండవలెను.

ఈ మాట మా అత్తగారికి చెప్పితిమి. వారు మాటాడలేదు. కాని జపమాల ప్రక్కన పెట్టి వినిరి.

స్త్రీలకీవిద్య క్రొత్తది కాదు. విమానమును మొట్టమొదట నిలువుచుట్టు త్రిప్పినవాడు రష్యాదేశపు సైనికుడు నెస్టెరోవ్. 1913 సెప్టెంబరులో కీవ్ నగరమున త్రిప్పెను. ప్రభుత్వపుసొమ్మును అపాయముపాలు చేసెనని పై యధికారులు మొదట శిక్షించి, తరువాత పదవి పెంచిరి. మఱుసటియేడే, 1914లో, ఆ దేశపు స్త్రీ లిడియా జ్వెరెవా అట్లే త్రిప్పినది. అమెరికాలో కాథరిన్ స్టిన్సన్ 1915లో త్రిప్పి, పిదప జపాను, చీనాదేశములకుపోయి ప్రదర్శించినది. 1970లో ప్రపంచవిన్యాసపోటీలలో స్త్రీలలో మొదటిస్థానము పొందిన స్వెత్లానా సవిత్స్కయా తరువాత వ్యోమగామియై, 1984లో అంతరిక్షనౌకను వీడి వెలుపల పనిచేసినది. మనదేశమున సరళా థక్రాల్ 1936లో లాహోరు ఫ్లయింగ్ క్లబ్బున చీరకట్టుతోనే జిప్సీ మాత్ విమానమును ఒంటరిగా నడిపినది. ఆమెకప్పటికి ఒక బిడ్డ కూడ.

మన బేగంపేట కథ ఇంకను దగ్గఱిది. రెండవ ప్రపంచయుద్ధకాలమున అచ్చట వైమానికులకు అక్షరాభ్యాసము చేయించు పాఠశాల యుండెడిది. టైగర్ మాత్ అను రెండురెక్కల అంతస్తుల విమానములపై నేర్పెడివారు. ఆ విమానము గుడ్డచుట్టిన కొయ్యరెక్కలదైనను లూపునకును స్పిన్‌నకును ఓర్చును. అందుచేత ఆనాటి శిష్యులకు మొగ్గలు వేయుట ప్రత్యేకవిద్య కాదు, ఓనమాలలోనిదే. బేగంపేట కేంద్రముగా నడచిన దక్కన్ ఎయిర్‌వేస్‌వారే 1947లో ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగమిచ్చిరి. వృత్తిగా విమానము నడిపిన మొదటి భారతస్త్రీ ఆమెయే. మఱి 2016 జూన్ 18న, మన నగరపు శివారున దుండిగల్ వైమానికదళ విద్యాలయమున, ఆవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ అను ముగ్గురు యువతులు యుద్ధవిమానచోదకులుగా అధికారము పొందిరి.

ఇంత పరంపర యుండగా మా పిల్లకు పాఠము దొరకుట సులభమనుకొంటిమి. అచ్చటనే మేము పొరబడితిమి.

వైమానికదళమున చేరినవారికి విన్యాసములు శిక్షణలో భాగము. పట్టభద్రులైన యువతులు ఆఫ్‌కాట్ పరీక్ష ద్వారమున పోవచ్చును; 2022 నుండి జాతీయరక్షణ విద్యాలయమునను బాలికలను చేర్చుకొనుచున్నారు. మా పిల్లకు సైనికోద్యోగముపై మనసు లేదు. పౌరశిక్షణాలయములలో నేర్పునది లైసెన్సునకు కావలసిన విద్య. పదునాఱేండ్లు నిండిన శిక్షణార్థిగా చేరవచ్చును. పదునేడేండ్లకు, కనీసము 40 గంటల విమానయానముతో, స్వంతమునకు నడుపుకొను లైసెన్సు వచ్చును. వృత్తి లైసెన్సునకు పదునెనిమిదేండ్లు, 200 గంటలు. ఆ గంటలలో స్టాల్ చూపుదురు, బయటపడుట నేర్పుదురు. లూపులు, రోల్‌లు దానిలో లేవు. ఉండవలెనని ఎవరును నిర్బంధింపరు.

మేము టెలిఫోనులు చేసితిమి. ఒకచోట గుమాస్తాగారు సాంతముగా వినకమునుపే "ఆడపిల్లకు సర్కసు ఎందుకమ్మా?" అని నవ్విరి. ఆ నవ్వు మఱచిపోవచ్చును. ఇంకొకచోట జరిగినది మఱువరానిది. ఒక పెద్దమనిషి, అనుభవము గలవాడే, మా పిల్లతో, "మన విమానంలోనే ఒకటి రెండు తిప్పి చూపిస్తాను, ఊరవతలికి పోయాక ఎవరు చూస్తారు?" అన్నాడు. ఎన్నాళ్ళనుండియో వెదకుచున్న పిల్ల, చేతికందిన పండు. అది ఆ విమానపు పుస్తకము చూపుమని యడిగినది. అతడు చూపలేదు. లోపల గడియారముల పలకపై అంటించిన చిన్నచీటిని అదియే పోయి చదివినది. విన్యాసములు నిషిద్ధమని దానిపై నున్నది. నమస్కారము చెప్పి వచ్చివేసినది. ఇంటికి వచ్చి తలుపు వేసికొని ఏడ్చినది కూడ. మేము ఆ రోజున దాని తల దువ్వుచు ఏమియు అనలేదు.

ఆ చీటి యేమో సోదరీమణులు తెలిసికొనవలెను. ప్రతివిమానమును ఎంత బరువునకు ఓర్చునో పరీక్షించి తరగతులుగా విభజింతురు. మనము నిలుచున్నప్పుడు మన దేహముపై ఒక రెట్టు బరువున్నదనుకొన్నచో, లూపు అడుగుభాగమున అది మూడున్నర, నాలుగు రెట్లగును; ఏబది కిలోల పిల్ల రెండువందల కిలోలు తూగును. విమానమును అట్లే తూగును. సాధారణతరగతి విమానము 3.8 రెట్లవఱకే కట్టబడినది. దాని పై తరగతిది 4.4 రెట్లు. విన్యాసములకని కట్టినది 6 రెట్లు, తలక్రిందుల దిశను 3 రెట్లు ఓర్చవలెను. బయటికి రెండును ఒకతీరుననే యుండవచ్చును. సెస్నా 152 అను చిన్నవిమానము పెక్కుదేశముల శిక్షణాలయములలో నుండును. దానిలోనే 'ఏరోబాట్' అను రకము ప్రత్యేకముగా విన్యాసములకు బలపఱచినది. సాధారణపు 152లో స్పిన్ చేయవచ్చును గాని లూపు చేయరాదు. పేరు విని మోసపోరాదు. మేము పప్పుచారు కాచు సత్తుగిన్నెలో బూరెలకు నూనె కాచుదుమా? గిన్నెలు రెండును గిన్నెలే గదా!

తుదకు పాఠము దొరకినది సముద్రముల కావల. దాని పెద్దన్న అమెరికాలో టెక్సాసున నున్నాడు. అచ్చట మనవారి కుటుంబములు వీధివీధికిని కలవు. సెలవులకు పోయినప్పుడు అన్నయే విచారించి, విన్యాసవిద్య చెప్పు గురువునొకనిని కనుగొన్నాడు. ఆ దేశమున దీనికి వేఱు లైసెన్సు అక్కఱలేదు. అయినను నియమములు గట్టివి. గురుశిష్యులిరువురు కూర్చున్నప్పుడు అఱువది డిగ్రీలకు మించి ప్రక్కకు వంచుటకుగాని, ముప్పది డిగ్రీలకు మించి ముక్కెత్తుటకు దించుటకుగాని పారాచూటు తొడిగికొనవలెను. 1,500 అడుగులకు దిగువనుగాని, ఊళ్ళపైనను జనసమూహములపైననుగాని మొగ్గలు వేయరాదు. ఐరోపాలో లైసెన్సుపై విన్యాసములకు ప్రత్యేకపు అనుమతి కావలెను. దానికి కనీసము అయిదుగంటల శిక్షణము. ఇంగ్లండున విమానయజమానుల సంఘమువారు ఎనిమిదిగంటల పాఠక్రమమొకటి యేర్పఱచియున్నారు.

మొదటిపాఠమును పిల్ల వీడియోలో మాకు చెప్పినది. మేము కూరలు తఱుగుచు వింటిమి. విమానము పేరు డెకాథ్లాన్. ఒకరివెనుక నొకరు కూర్చుండునది. ఒక గంట నేలపైననే గడచినదట. జేబులన్నియు ఖాళీ చేయించిరి. గాజులు, చెవికమ్మలు, తలపిన్నులు తీయించిరి. తలక్రిందులైనప్పుడు ఒక్క పిన్ను జారి నడుపుకఱ్ఱ మొదట ఇఱుకుకొన్నను చాలు. పారాచూటు తొడిగి, దానిపై అయిదుపట్టీలు బిగించిరి. ఉదయము ఏమి తింటివని గురువు అడిగెనట. ఖాళీకడుపున పోరాదు, నిండుకడుపున పోరాదు. రెండు ఇడ్డెనలవంటి తేలికభోజనము మేలు. పైకి పోయినపిదప గురువు మొదట చేసినది చుట్టును చూచుట. ఎత్తు చాలునా, కట్లు బిగిసినవా, ఇంజను సరిగానున్నదా, క్రింద ఊరున్నదా, దగ్గఱ వేఱొక విమానమున్నదా. ప్రతి విన్యాసమునకును ముందు ఈ పరీక్ష మఱల చేయవలసినదే.

పిదప నిటారుగా వంచిన మలుపులు. పిదప స్టాల్. పిదప స్పిన్: మొదట గురువు, తరువాత శిష్యురాలు. "మొదటిసారి నా చేయి కఱ్ఱను వెనక్కే లాగింది అత్తయ్యా. చదివినదంతా ఎక్కడికి పోయిందో!" అని అది సిగ్గుపడుచు చెప్పినది. నాలుగవమారు పాదము తనంతతానే ఎదుటివైపు త్రొక్కినదట. చివరను రోల్ ఒకటి. దేవాలయమున అంగప్రదక్షిణము చేయువారు పొర్లినట్లు, విమానము ముందుకు పోవుచునే తన యిరుసుపై ఒకమారు పొర్లును. మఱియు లూపు ఒకటి. లూపు అడుగున చెంపలు క్రిందికి లాగబడి, కంటియెదుట కొంచెము బూడిదరంగు కమ్మినదట. తలలోని రక్తము క్రిందికి దిగుటచేత అట్లగును. తొడలను పొట్టను బిగబట్టవలెనని గురువు ముందే చెప్పియుండెను. ఇరువదియైదు నిమిషములు కాగానే కడుపులో త్రిప్పుట మొదలయినది. చెప్పగానే గురువు విమానమును నేరుగా పోనిచ్చి దిగుటకు మరల్చెను. ఇంకొక్కటి చేయుదమని బలవంతము చేయలేదు. ఈ మాట విన్నప్పుడే మాకు ఆ గురువుపై నమ్మకము కుదిరినది.

మీ యింటి పిల్ల ఇట్టి గురువును వెదకునప్పుడు, ఎన్ని బహుమానములు గెలిచినావని యడుగుటకంటె, శిష్యులు స్పిన్ నుండి ఎన్నిమార్లు తామే బయటపడుదురని యడుగుట మేలు. విమానపు తరగతి చీటి చూపుమన్నప్పుడు ముఖము చిట్లించుకొనువాడైనచో అంతటితో లేచి రావలెను. వ్యయము గంటలెక్కన నుండును. ఒకటి రెండు పాఠములతో ఆపివేసినను అది వృథా కాదు. మా పిల్ల నాలుగింటితో ఆపినది. తక్కిన సొమ్ము లైసెన్సు గంటలకు కావలెను గదా.

పోయిన నెలలో అది తిరిగివచ్చినది. మా అత్తగారు దానిని దగ్గఱ కూర్చుండబెట్టుకొని, వ్రేళ్ళు ఒక్కొక్కటే తడిమి చూచి, "ఎన్ని మొగ్గలు వేశావే?" అని యడిగిరి.

"మొదటిరోజు రెండే అమ్మమ్మా. మిగతాదంతా పడడమూ, లేవడమూ."

వారు కొంతసేపు దాని ముఖము చూచిరి. కడుపులో త్రిప్పినమాట నిజమేనా యని మఱల అడిగిరి. నిజమే యనగా లేచి, వంటింటిలోనికి పోయి, అల్లపుమురబ్బా సీసాతో వచ్చి, మూత గట్టిగా బిగించి దాని సంచిలో పెట్టిరి.